వగరు

గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు.
పలాసలో పన్నెండేళ్ళుగా నా చేతులకిదే పని.
జీడి కాటుకి వేళ్ళ మీది గీతలు చెరిగిపోయాయి.
రేషన్ డిపోలో మిషను నన్ను గుర్తుపట్టదు.
"ఇంకో వేలెట్టు తవిటమ్మా" అంటాడు డీలరు.
పది వేళ్ళూ అయ్యాక ఇద్దరమూ నవ్వుకునేవాళ్ళం.
అప్పట్లో చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వేదాన్ని.

మాఘమాసం వెళ్ళాక మొదలైంది.
ముందు నాలిక మీద తెల్లటి పొర,
పాలు తాగి మూతి తుడుచుకోని పిల్లకి ఉన్నట్టు.
గుడ్డతో తుడిస్తే వచ్చేది. కింద ఎర్రగా, నెత్తురు.
తెల్లారేసరికి మళ్ళీ పేరుకునేది,
రాత్రి ఎవరో వచ్చి తోడు పెట్టి వెళ్ళినట్టు.

చోడంబలి మంట. చారు మంట.
ఒక్కోరోజు మంచినీళ్ళు కూడా.
ఎండు మెత్తళ్ళు వేపితే
వీధి చివర నుంచే ఊరే నోరు నాది.
ఇప్పుడు ఏది పెట్టినా ఒకటే రుచి:
వానలో నానిన అట్టముక్క.

చిగురు వాచిన రోజు
షెడ్డులో మేస్త్రి నా బుగ్గ చూశాడు.
"ఏటది? పప్పు దాసినావా? నోరు తెరు."
పదిహేనుమంది ఆడవాళ్ళ ముందు తెరిచాను.
పప్పు లేదు.
ఉన్నది చూసి అతనే తల తిప్పుకున్నాడు.

కాశీబుగ్గలో పళ్ళ డాక్టరు
కుర్చీ వాల్చాడు, లైటు దించాడు,
చిన్న అద్దం పెదవుల దాకా తెచ్చాడు.
"వేరే మందులేమైనా వాడుతున్నారా?"
చెప్పేశాను.
అబద్ధం రాక కాదు,
అంత వెలుతురులో ఆడలేక.
అద్దం అక్కడే ఆగిపోయింది.
కరెంటు సరిగా లేదు, రేపు రండి, అన్నాడు.
లైటు నా మొహం మీద వెలుగుతూనే ఉంది.

ఇంట్లో తోటికోడలు దాలమ్మ
నా గ్లాసుకి గోళ్ళరంగు చుక్క పెట్టింది,
పిల్లలు పొరపాటు పడకూడదని.
ఎర్రగా, గుండ్రంగా.
లారీ మీద తిరిగిన మనిషి పోయిన పదోనాడు
నా నుదుట తీసేసింది
గ్లాసు మీదికి వచ్చింది.

నాకు ముందు మా అమ్మకి ఇద్దరు పోయారు.
నేను పుట్టగానే తవుడికి అమ్మేసి
మళ్ళీ కొనుక్కుంది. పేరు అలా వచ్చింది.
చేటెడు తవుడికి దక్కిన ప్రాణం
పంటికింద పోతుందా అనుకుని
ఆమదాలవలసలో రైలు దిగి ఆటో ఎక్కాను,
శ్రీకాకుళం పెద్దాసుపత్రికి.

అక్కడ డాక్టరు, ఇంటరు చదివే గుంటలా ఉంది.
తొడుగులు వేసుకుంది, అందరికీ వేసుకున్నట్టే.
నోరు తెరవమంది.
మేస్త్రి గుర్తొచ్చి నా పళ్ళు బిగిసిపోయాయి.
"కంగారు లేదమ్మా. ఏ ఊరు మీది?"
పలాస, అన్నాను.
అనాలంటే నోరు తెరవాలి కదా.
ఆ సందులో అద్దం పెట్టేసింది దొంగపిల్ల.

"మాత్రలు మానేశారా?"
షెడ్డులో సెలవివ్వక రెండు నెలలు తెచ్చుకోలేదు.
"అదే ఇక్కడ రాసుంది" అంది.
నాకు చదువు రాదు.
నా నాలిక మీద ఉత్తరం ఆమె చదివి వినిపించింది.

పూత మందు ఇచ్చింది. ఉప్పునీళ్ళు పుక్కిలించమంది.
రాత్రి మాత్ర మానొద్దని మూడుసార్లు చెప్పింది.
వెనక పన్ను పీకి గాజుగుడ్డ మీద చూపించింది.
రెండుగా విరిగి వచ్చింది.
బద్ద, అనుకున్నాను,
అలవాటు కొద్దీ.

మూడోవారం, షెడ్డు వెనక తోటలో
రాలిన జీడిపండు చెంగుతో తుడిచి కొరికాను.
వగరు!
గొంతు పట్టేసింది. నాలిక గరుకెక్కింది.
కళ్ళల్లోంచి నీళ్ళు. దగ్గు.
దగ్గుతూనే ఇంకో కాటు.
ఎవరో చూసి "పిచ్చెక్కిందేటే" అన్నారు.

ఇంటికొచ్చి చుక్క గ్లాసుతో నీళ్ళు తాగాను.
చెంబెడు తాగినా గొంతులో ఆ పట్టు వదల్లేదు.
పన్ను పోయిన సందులోకి
నాలిక ఊరికే వెళ్ళి వస్తోంది.
గ్లాసు మీద గోళ్ళరంగు పెచ్చులూడుతోంది.
దాలమ్మ ఇంకా చూసుకోలేదు.